రెండో ‘మ్మ’

మా మరదలి కొడుకు విజయవాడ సత్యనారాయణపురంలో టిఫిన్ సెంటర్ పెడుతున్నాడు. పేరు ‘అమ్మమ్మ టిఫిన్లు’. ఆ అమ్మమ్మ మా అత్తగారే. ఆవిడ పోయి నాలుగేళ్లయింది. పెసరట్టు మీద అల్లం ఎంత సన్నగా తరిగేదో ఇప్పటికీ మా ఇంట్లో చెప్పుకుంటాం.

బోర్డు దగ్గరికొచ్చేసరికి ఇంట్లో రెండు పక్షాలయ్యాయి. ఒకవైపు మా బావగారు, మా ఆవిడకి అన్న. నలభై ఏళ్లపాటు గోడల మీద, రేకుల మీద, గుడ్డ బ్యానర్ల మీద అక్షరాలు రాసిన మనిషి. ఇంకోవైపు మా అమ్మాయి. హైదరాబాద్‌లో ఉంటుంది, ఫాంట్లు తయారుచేయడం దాని పని.

అది రెండేళ్లుగా మాకెవరికీ చెప్పకుండా ఒక పని చేసింది. బోర్డు రాసే ముందు మామయ్య నమూనాలు వేసుకున్న పాత నోటుపుస్తకాలు వాళ్ల అత్తయ్యనడిగి తీసుకెళ్లింది. వాటిని స్కాన్ చేసి, ఒక్కో అక్షరం ఏరి, ఆయన చేతిరాతని ఫాంటుగా కట్టింది. గుణింతాలు, వత్తులు అన్నీ కలిపి ఆరు వందల పైచిలుకు రూపాలు. మొన్న ఆదివారం పొద్దున్న ‘అమ్మమ్మ టిఫిన్లు’ అని ఆ ఫాంటులో పెద్ద కాగితం మీద ప్రింటు తీయించి తెచ్చి మామయ్య ముందు పరిచింది. బావగారు కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. అప్పుడు మొదలైన మాటలు మధ్యాహ్నం భోజనాల దాకా సాగాయి. నేను పక్కనే ఉన్నాను.

బావగారు: బాగానే ఉంది. ఎవరు రాశారమ్మా?

అమ్మాయి: నువ్వే మామయ్యా! ఈ ‘అ’ నీ నీలం అట్ట పుస్తకంలోది. ‘మ’ ఏమో బట్టల కొట్టు బోర్డుకి వేసుకున్న నమూనాలోంచి తీశాను.

బావగారు: ‘అ’ నాదే. ‘మ’ కూడా నాదే. ‘అమ్మమ్మ’ మాత్రం నాది కాదు.

అమ్మాయి: అదేంటి?

బావగారు: ఈ రెండు ‘మ్మ’లూ చూడు. తలకట్టు ఎక్కడ మొదలై ఎక్కడ సన్నబడిందో, వత్తు కొస ఎంత దూరం పోయి ఆగిందో, రెండింట్లోనూ అచ్చు గుద్దినట్టు ఒకటే. విడివిడిగా చూస్తే చేత్తో రాసినట్టున్నాయి. కలిపి చూస్తే మిషన్ మీద కుట్టినట్టున్నాయి. పేపర్లో రెండు ‘మ’లు ఒకేలా ఉంటే ఎవరూ తప్పుపట్టరు, అది అచ్చు. ఇది చేతిరాతనని చెప్పుకుంటోంది కదా, అందుకే అడుగుతున్నా.

అమ్మాయి: ఇది సీసపు అచ్చుల కాలం నుంచీ ఉన్న చిక్కే మామయ్యా. ఫ్రాన్సులో రోజర్ ఎక్స్‌కొఫాన్ అని ఒకాయన ఉండేవాడు. మార్సేయి నగరంలో ఓలివ్ అనే ఫౌండ్రీకి 1953లో తన చేతిరాతనే అచ్చు పోయించాడు. వాళ్ల దక్షిణాన వీచే గాలి పేరే దానికి పెట్టాడు, మిస్ట్రాల్ అని. దిమ్మెలు దేనికది విడిగానే ఉంటాయి. పక్కపక్కన పేరిస్తే కలం ఎత్తకుండా రాసినట్టు గీత సాగిపోతుంది. అంతకు పదకొండేళ్ల ముందే, 1942లో, అమెరికాలో రాబర్ట్ స్మిత్ బ్రష్ స్క్రిప్ట్ చేశాడు. వాటిలోనూ ప్రతి అక్షరానికీ ఒకటే దిమ్మె. అయినా ఎన్ని కొట్ల మీద, ఎన్ని డబ్బాల మీద వాడారో! జనానికి అది చేతిరాతలాగే అనిపించింది.

బావగారు: వాళ్లకి కుదిరి ఉంటుంది. ఇంగ్లీషు అక్షరం ఎడమ నుంచి కుడికి ఒకటే దారిన నడుస్తుంది. పక్కవాడి చెయ్యి పట్టుకుంటే చాలు. మన అక్షరం అలాంటిది కాదే. పైకి గుడి కట్టాలి, కిందికి వత్తు దించాలి, కుడికి కొమ్ము తిప్పాలి.

అమ్మాయి: అదొకటి. పైగా మనకి కలిపిరాత లేదు. విడివిడిగా రాసే అలవాటు.

ఇక్కడ నేను కలగజేసుకోవాల్సి వచ్చింది. కలిపిరాత లేకపోవడమేమిటి? మా తాతగారు కరణం. ఆయన గొలుసుకట్టు రాత నేను చూశాను. కలం పైకెత్తకుండా ఒక అక్షరం కొసలోంచి ఇంకో అక్షరంలోకి, ఆ మాటలోంచి పక్క మాటలోకి పోతూనే ఉంటుంది. ఊళ్లో భూముల లెక్కలన్నీ ఆ రాతలోనే ఉండేవి. 1984లో కరణాలు పోయాక ఆ దస్తరాలు చదవగలిగినవాళ్లు ఏటేటా తగ్గిపోయారు. పొలం తగాదా వస్తే పాత కాగితం పట్టుకుని, చదివిపెట్టే ముసలాయన కోసం ఊరూరా తిరిగిన వాళ్లున్నారు. ఈ మాట చెబితే బావగారు వెంటనే అందుకున్నారు.

బావగారు: అదే నేను చెప్పేది. గొలుసుకట్టు నిజంగా వేగంగా రాసిన రాత. అందుకే రాసినవాడికి తప్ప ఎవరికీ అర్థం కాదు. బోర్డు మీద రాసేది అలా కాదు. వేగంగా, సరదాగా, పెద్దగా పట్టించుకోకుండా రాసేసినట్టు కనిపించాలి. దారిన పోయేవాడికి మాత్రం సైకిల్ దిగకుండా అర్థం కావాలి. నా మొత్తం పనిలో ఎక్కువ సేపు పట్టింది ఏ అక్షరమో తెలుసా? నిలువుగా, దిట్టంగా ఉండే బ్యాంకు బోర్డు అక్షరం కాదు. దానికి దారం కొట్టి, సుద్దముక్కతో గీత గీసుకుని, నింపుకుంటూ పోవచ్చు. చేతికొచ్చినట్టు రాసేసినట్టుండే అక్షరానికే గంటలు పట్టేది. పెన్సిలుతో ఐదుసార్లు రాసి చెరిపితేగాని ఆ చేతికొచ్చినట్టుతనం చేతికి రాదు.

అమ్మాయి: ఆ ఐదుసార్లూ నీ పుస్తకాల్లో ఉన్నాయి మామయ్యా. నేను వాటినే తీసుకున్నాను. ఇంకో మాట కూడా చెప్పనా? ఇంగ్లీషులో స్నేహంగా ఉండే ఫాంటు చెయ్యాలంటే మొదట మూలలు గుండ్రం చేస్తారు. కోసుగా ఉన్నవాటిని మొద్దు చేస్తారు. మేం కాలేజీలో నేర్చుకున్నది అదే. తెలుగుకొచ్చేసరికి ఆ ఉపాయం పనిచెయ్యలేదు. మన అక్షరాలు పుట్టుకతోనే గుండ్రం. తాటాకు మీద గంటంతో అడ్డగీత గీస్తే ఆకు చీలుతుందని గుండ్రంగా రాశారంటారు కదా. కోర్టు నోటీసులోని ‘ర’ కూడా గుండ్రమే, పిల్లల కథల పుస్తకంలోని ‘ర’ కూడా గుండ్రమే. మరి స్నేహం ఎక్కడుందో నాకు ఆర్నెల్లు తెలియలేదు. నీ పుస్తకాలు చూశాక తెలిసింది.

బావగారు: ఎక్కడుందన్నావ్?

అమ్మాయి: తలకట్టులో.

బావగారు: (కాసేపు మాట్లాడలేదు.) అది నిజమే. తలకట్టు నిట్టనిలువుగా పెడితే జవాను తలపాగాలా ఉంటుంది. కాస్త వెనక్కి వాల్చి కొస వదిలేస్తే మనిషి చెయ్యెత్తి పలకరించినట్టుంటుంది. మా గురువుగారు తలకట్టు ఒక్కటే మూడు నెలలు రాయించారు నాచేత. బ్రష్ ముందు ఆనించి, నొక్కి, పైకి లాగేటప్పుడు మునివేళ్ల మధ్య కాస్త తిప్పాలి. ఆ తిప్పడంలోనే ఉంది అంతా.

అమ్మాయి: ఆ తిప్పిన కొస కోసమే నేను ఒక్కో అక్షరంలో చుక్కలు పెట్టుకుంటూ కూర్చున్నాను. చూడు, ‘క’ మీద తలకట్టు, ‘న’ మీద తలకట్టు ఒకటి కావు. ముందు ఒకటే చేసి అన్నిటికీ అతికించాను. తలకట్లన్నీ వరసలో నిలబడ్డ బడిపిల్లల్లా అయిపోయాయి. అన్నీ తీసేసి మళ్లీ విడివిడిగా చేశాను.

ఈ మాటకి బావగారి ముఖం మెత్తబడింది. కానీ ఆయన కాగితం మీంచి వేలు తీయలేదు. వేలు ఇంకా రెండో ‘మ్మ’ మీదే ఉంది.

అమ్మాయి: సరే, ఆ ‘మ్మ’ సంగతే చూద్దాం. ప్రింటు తీసిన షాపు కంప్యూటర్లో ఒక సదుపాయం ఆన్ చెయ్యలేదు. ఇది చూడు, నా ల్యాప్‌టాప్‌లో. 1996లో మైక్రోసాఫ్ట్, అడోబీ కలిసి ఓపెన్‌టైప్ అనే పద్ధతి తెచ్చాయి. దాని వల్ల ఫాంటులోనే నియమాలు రాసి పెట్టొచ్చు. ‘మ’కి నేను మూడు రూపాలు పెట్టాను, మూడూ నీ పుస్తకాల్లోవే. ఇప్పుడే వచ్చిన అక్షరం మళ్లీ వస్తే రెండో రూపం తీసుకోమని రాశాను. ఇదిగో ‘అమ్మమ్మ’. రెండు ‘మ్మ’లూ వేరు!

బావగారు: మారింది. ఎందుకు మారింది?

అమ్మాయి: ఒకేలా ఉండకూడదని.

బావగారు: నేను అందుకు మార్చను తల్లీ. నా చెయ్యి ఊరికే మారదు.

అమ్మాయి: ఊరికే మార్చినవాళ్లూ ఉన్నారు. ఎరిక్, జస్ట్ అని ఇద్దరు డచ్చి కుర్రాళ్లు 1990 ప్రాంతంలో బియోవుల్ఫ్ అని ఒక ఫాంటు చేశారు. ప్రింటు తీసిన ప్రతిసారీ అక్షరాల అంచులు వాటంతట అవే అటూ ఇటూ జరుగుతాయి. ఏ రెండు అక్షరాలూ ఒకేలా రావు. తర్వాత వాళ్లే తమ చేతిరాతల్ని ఫాంట్లుగా చేశారు, ఒకరి కుడిచేతిరాత, ఒకరి ఎడమచేతిరాత.

బావగారు: అంచులు జరిగితే చేతిరాత అవుతుందా? వణుకుతున్న చేతిరాత అవుతుంది. కాగితం తే. పెన్సిల్ ఇవ్వు.

ఆయన కాగితం వెనక్కి తిప్పి రాశారు. పైన ‘అమ్మమ్మ’, కింద ‘టిఫిన్లు’. తర్వాత పెన్సిల్ మొనతో ఒక్కో చోటా ఆగుతూ చూపించారు. నేను ఇన్నేళ్లూ ఆయన బోర్డులు చూస్తూనే ఉన్నాను. ఈ సంగతి గమనించింది మాత్రం ఆ రోజే.

బావగారు: చూడు. పై లైన్లో మొదటి ‘మ్మ’కి కింద ఏమొచ్చింది? ‘ఫి’ వచ్చింది. ‘ఫి’కి గుడి ఉంది, పైకి లేస్తుంది. మ వత్తు కిందికి దిగుతుంది. రెండూ ఢీకొంటాయి. అందుకని మొదటి వత్తుని పొట్టిగా ముడిచేశాను. రెండో ‘మ్మ’ కింద ‘న్లు’ వచ్చింది. దాని నెత్తిన తలకట్టు తప్ప ఏమీ లేదు, బోలెడు ఖాళీ. అందుకని రెండో వత్తుని హాయిగా కుడివైపు దాకా లాగి వదిలేశాను. ఆ తోక అక్కడ లేకపోతే బోర్డు కుడి పక్క బోసిపోయేది. రెండు ‘మ్మ’లూ వేరుగా ఉన్నది అందుకు. రాసేవాడు అక్షరం మొదలుపెట్టేటప్పుడే పక్కన ఎవరున్నారు, కింద ఎవరొస్తారు అని చూసుకుంటాడు. నీ ఫాంటులో ‘మ’కి కింద లైన్లో ‘ఫి’ ఉందని తెలుసా?

అమ్మాయి: తెలీదు.

బావగారు: చెప్పగలవా దానికి?

అమ్మాయి: చెప్పలేను మామయ్యా. అదే లైన్లో ముందూ వెనకా ఏముందో చెప్పగలను. కింది లైను సంగతి ఫాంటుకి అందదు. లైన్లు ఎక్కడ విరగాలో నిర్ణయించేది వేరే ప్రోగ్రాము. ఫాంటు చేతిలో లేదు.

అది దాచకుండా ఒప్పుకున్నందుకు మా అమ్మాయిని మెచ్చుకోవాలి. చేతిరాత ఫాంట్లను చేత్తో రాసినట్టే ఉంటాయని అమ్ముతుంటారు. ఇంగ్లీషు అక్షరానికి కిందా పైనా గొడవ తక్కువ కాబట్టి ఆ మాట కొంతవరకు చెల్లుతుంది. మన వత్తులు, గుడులు రెండు లైన్ల మధ్య ఉన్న చోటు కోసం పోట్లాడుకుంటాయి. మామూలుగా ఫాంటు చేసేవాళ్లు ఆ పోట్లాట రాకుండా వత్తుల్ని బాగా చిన్నవి చేసేస్తారు, లేదా లైన్ల మధ్య బారెడు ఖాళీ వదిలేయిస్తారు. తెలుగు బోర్డులు చాలావాటిలో రెండు లైన్లు ఒకదానికొకటి సంబంధం లేనట్టు దూరదూరంగా ఉండడానికి కారణం అదే.

అమ్మాయి: అయితే ఆ పని ఫాంటుది కాదు, బోర్డు పేర్చేవాళ్లది. పొట్టి వత్తు ‘మ్మ’ ఒకటి, పొడుగు వత్తు ‘మ్మ’ ఒకటి నేను పెడతాను. ఎక్కడ ఏది వాడాలో వాళ్లు ఎంచుకుంటారు.

బావగారు: ఫ్లెక్స్ షాపులో కుర్రాడు ఎంచుకుంటాడా? వాడికి పది నిమిషాల్లో బ్యానర్ అయిపోవాలి.

అమ్మాయి: ఎంచుకోడు. నిజమే. కానీ ఆ కుర్రాడి సంగతే నేను చెప్పాలనుకున్నది. 2000 తర్వాత ఫ్లెక్స్ వచ్చింది, నీలాంటి వాళ్ల పని పోయింది. ఆ కోపం నీకుంది, ఉండాలి కూడా. కానీ ఇప్పుడు ఏ ఊరెళ్లినా బోర్డు రాయించుకుందామంటే మనిషి దొరకడు. ఆ కుర్రాడి దగ్గర ఏముంటే అదే గోడెక్కుతుంది. వాడి కంప్యూటర్లో ఇరవై ఏళ్ల కిందటి ఫాంట్లే ఉంటాయి. వాటితో టైపు చేసిన తెలుగు ఇంకో కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గుర్తులొస్తాయి, ఎందుకంటే అవి యూనికోడ్ ఫాంట్లు కావు. ఫోన్లో టైపు చేసిన మెనూ వాడికి పంపితే వాడు మళ్లీ మొదట్నుంచి కొట్టుకోవాలి. అందుకే సగం బోర్డుల్లో వత్తులు తప్పులు. ఇంగ్లీషులో సరదాగా ఉండే చేతిరాత ఫాంటు కావాలంటే వందలున్నాయి, ఉచితంగా. తెలుగులో? సిలికానాంధ్ర వాళ్లు ఉచితంగా ఇచ్చినవాటిలో లక్కిరెడ్డి ఉంది, చేతిరాత పద్ధతిలో. ముంబయిలో ఎక్ టైప్ వాళ్లు చేసిన ‘బాలూ తమ్ముడు’ ఉంది, బొద్దుగా, ముచ్చటగా ఉంటుంది. ఇంకొన్ని ఉన్నాయి. వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

బావగారు: బాపు గారి అక్షరం లేదూ?

అమ్మాయి: ఎందుకు లేదు! అదీ నీ మాటకి జవాబే కదా. బాపు గారు పుస్తకాల అట్టల మీద, బొమ్మల కింద చేత్తో రాసిన అక్షరమే తర్వాత కంప్యూటర్లోకి వచ్చింది. తెలుగువాళ్లు దాన్ని పెళ్లి శుభలేఖల మీద వేసుకున్నారు. ఆయన రాసి ఇవ్వలేదని ఎవరైనా బాధపడ్డారా? ఇంటికి పిలిచినట్టుందని సంతోషపడ్డారు.

బావగారు: సంతోషపడ్డారు. నేనూ పడ్డాను. ఒకటి చెప్పనా? ఆయన అక్షరం చూసి మేమందరం చెయ్యి మార్చుకున్నాం. ఆ ఒంపు ఎలా వచ్చిందో అని పత్రిక ముందు పెట్టుకుని రాత్రుళ్లు రాసుకునేవాళ్లం. పూర్తిగా రాలేదు. రాకపోయేసరికి ఎవరిది వాళ్లకి వచ్చింది. ఫాంటు వచ్చాక అలా కూర్చుని రాసినవాడు ఎవడైనా ఉన్నాడా? బటన్ నొక్కితే పూర్తిగా వచ్చేస్తోంది. ఇక రాకపోవడం ఏముంది, వాడికి వాడిది పుట్టడం ఏముంది?

దీనికి మా అమ్మాయి వెంటనే జవాబు చెప్పలేదు. లేచి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చింది. బావగారు చెప్పినదాంట్లో చాలా బరువుంది. కానీ పత్రిక ముందు పెట్టుకుని రాత్రుళ్లు కూర్చునే మనిషి ఫాంటు వల్లనే మాయమయ్యాడని నేననుకోను. బడుల్లో చూచిరాత పోయింది, ఇంకు కలం పోయింది, చేత్తో రాసిన బోర్డుకి డబ్బిచ్చేవాళ్లు పోయారు. ఫాంటు ఆఖరున వచ్చింది.

అమ్మాయి: నేను ఆ రాత్రుళ్లే కూర్చున్నాను మామయ్యా, రెండేళ్లు. నీ ‘ళ’ ఎలా మొదలవుతుందో తెలియక ఎన్ని కాగితాలు పాడుచేశానో. ఫాంటు వాడేవాడికి బటన్ నొక్కడమే. చేసేవాళ్లకి మాత్రం అది నీ దగ్గర శిష్యరికం చేసినట్టే.

బావగారు: (నెమ్మదిగా) అడిగి చేసుంటే ‘ళ’ నేనే చూపించేవాణ్ణి కదమ్మా.

అమ్మాయి: నిన్ను ఆశ్చర్యపరుద్దామనుకున్నాను.

బావగారు: ఆశ్చర్యం సంగతి సరే. ఇది ఇప్పుడు ఎవరెవరి దగ్గరుంది?

అమ్మాయి: నా దగ్గరే. నువ్వు సరేనంటే అందరికీ ఉచితంగా ఇద్దామని. దానికో లైసెన్సు ఉంది. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఫాంటుని మాత్రం విడిగా అమ్ముకోకూడదు.

బావగారు: ఎవరైనా అంటే? దేనికైనా?

అమ్మాయి: దేనికైనా. ఫలానా పనికి వాడొద్దని అందులో చెప్పే వీల్లేదు.

బావగారు: అక్కడే నాకు మింగుడుపడటం లేదు. నేను అన్ని బోర్డులూ రాయలేదు. రాయనని చెప్పి బ్రష్ కడిగేసుకుని వచ్చిన సందర్భాలున్నాయి. ఒకసారి ఒక వడ్డీ వ్యాపారి వచ్చాడు. బాకీ ఎగ్గొట్టాడని ఒక మనిషి పేరు, తండ్రి పేరుతో సహా, వాళ్ల వీధి గోడ మీద రాయమన్నాడు. రాయనన్నాను. డబ్బు రెట్టింపు ఇస్తానన్నాడు. ఆ నెల మీ అత్తయ్య పుస్తెలు తాకట్టులో ఉన్నాయి. అయినా రాయలేదు. రేపు అలాంటి వాడే నీ ఫాంటుతో కాగితం కొట్టి ఆ మనిషి తలుపుకి అంటిస్తాడు. నా తలకట్టు, నా వత్తు, పలకరించినట్టుండే అక్షరం, అందులో బెదిరింపు. అప్పుడు రాయనని చెప్పడానికి అక్కడ నేనుండను.

మేమెవరమూ ఈ సంగతి ఇంతకుముందు వినలేదు. వంటింట్లోంచి మా ఆవిడ వచ్చి గుమ్మంలో నిలబడింది.

అమ్మాయి: ఇంగ్లీషులో జరిగింది అదే. కామిక్ సాన్స్ అని ఒక ఫాంటుంది. 1994లో విన్సెంట్ కొనేర్ అనే ఆయన మైక్రోసాఫ్ట్‌లో చేశాడు. పిల్లలకీ కొత్తవాళ్లకీ ఒక ప్రోగ్రాము తయారవుతుంటే, అందులో బొమ్మ కుక్క మాట్లాడే మాటలు పుస్తకాల్లో వాడే టైమ్స్ ఫాంటులో ఉన్నాయి. కుక్క అలా మాట్లాడదు కదా అనిపించి, కామిక్ పుస్తకాలు ముందు పెట్టుకుని ఆ మాటల కోసమే చేశాడు. ప్రోగ్రాములోకి టైముకి అందలేదు, తర్వాత విండోస్‌తో పాటు అందరి కంప్యూటర్లలోకీ వెళ్లిపోయింది. ఇక దాన్ని వాడని చోటు లేదు. నోటీసులు, హెచ్చరికలు, ఆఫీసు ఉత్తరాలు అన్నిట్లో. జెనీవా దగ్గర సెర్న్‌లో 2012 జూలైలో హిగ్స్ బోసాన్ సంగతి లోకానికి చెప్పినప్పుడు తెరమీద ఉన్నదీ అదే. జనం నవ్వారు. కానీ చదవడం కష్టమయ్యే పిల్లలకి అదే ఫాంటు బాగుంటుందని బ్రిటన్‌లో డిస్లెక్సియా సంఘం వాళ్లు చెబుతారు. ఆయన చేసిన అక్షరంలో తప్పేమీ లేదు మామయ్యా. అడ్డమైన చోటా వాడారంతే.

బావగారు: అక్షరం చేసినవాడికి అది తెలియాలి అంటున్నాను. స్నేహంగా ఉండే అక్షరమే అన్నిటికన్నా ఎక్కువ అడ్డమైన చోట్లకి పోతుంది. మోసం చేసేవాడికి కఠినంగా ఉండే అక్షరంతో పనేముంది?

ఈ విషయంలో నేను బావగారి వైపే. ఇప్పుడు చిన్న అప్పులిచ్చే యాప్‌లు, షరతులు మడతపెట్టి చూపించే కంపెనీలు మాట్లాడే భాష చూడండి. అంతా ‘హాయ్’, అంతా నవ్వుముఖం, అంతా చేత్తో రాసినట్టుండే అక్షరం. కొక్కెం మాత్రం కింద చిన్నక్షరాల్లో ఉంటుంది. చేతిరాత చూస్తే మనిషి రాశాడని, మనకోసం రాశాడని మన కంటికి చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ నమ్మకాన్ని ఎవరు పడితే వాళ్లు వాడుకోవడం మంచి సంగతి కాదు.

కానీ మా అమ్మాయి అన్న తర్వాతి మాటకి నా దగ్గర జవాబు లేదు.

అమ్మాయి: మోసం చేసేవాడు ఆగడు మామయ్యా. నా ఫాంటు లేకపోతే ఇంకొకటి కొనుక్కుంటాడు. డబ్బు లేనివాళ్లే ఆగిపోతారు. అంగన్‌వాడీ టీచరు గోడకి అంటించుకునే అక్షరాల చార్టు, పచ్చళ్లమ్ముకునే ఆవిడ సీసా మీద చీటీ, డల్లాస్‌లో మా స్నేహితురాలు వాళ్ల పాపకి తెలుగు నేర్పుతూ ఇంట్లో తలుపుకి ‘తలుపు’ అనీ, కుర్చీకి ‘కుర్చీ’ అనీ రాసి అంటించే కాగితాలు. ఆ పాప తెలుగు అక్షరం చూసేది ఆ ఇంట్లో ఒక్కచోటే. అది గవర్నమెంటు ఫారం మీది అక్షరంలా ఉండాలా, నీ అక్షరంలా ఉండాలా?

బావగారు చాలాసేపు ఏమీ అనలేదు. కాగితం ముందువైపుకి తిప్పారు, మళ్లీ వెనక్కి తిప్పారు. తన ‘అమ్మమ్మ’నీ, ఫాంటు ‘అమ్మమ్మ’నీ మార్చి మార్చి చూశారు. ఆవిడ ఆయనకి అమ్మ. మా అమ్మాయికి అమ్మమ్మ. ఆ బోర్డు మీది మాట ఆయన ఎప్పుడూ పిలవని పిలుపు.

బావగారు: బోర్డు నేనే రాస్తాను. అందులో మాట లేదు. రేకు తెప్పించమను, ఎర్ర ఆక్సైడ్ కోటింగ్ వేసి రెండు రోజులు ఆరబెట్టాలి.

అమ్మాయి: రాయి మామయ్యా. నేను కాదన్నానా?

బావగారు: ఫాంటు సంగతి ఇంకా ఆలోచించాలి. దానికి నా పేరు మాత్రం పెట్టకు. ముందు ఆ వత్తుల పని చూడు. పొట్టి వత్తు, పొడుగు వత్తు అన్నావు కదా, ‘మ’కి ఒక్కదానికి చాలదు. ‘ల’ వత్తుకి కావాలి, ‘య’ వత్తుకి కావాలి. ‘ట్టు’ ఎలా చేశావు, ఏదీ చూపించు. కొమ్ము పైనుంచి వచ్చి వత్తు నెత్తిన కూర్చుంది చూడు. కొమ్ముని ఇంకాస్త బయటికి లాగి, వత్తుని దాని కింద గూట్లో పెట్టినట్టు పెట్టాలి. ‘పెసరట్టు’ రాస్తే తెలుస్తుంది. మెనూ ఏదైనా ఉంటే చెప్పు, రాసి చూపిస్తాను.

అమ్మాయి ల్యాప్‌టాప్ పక్కన పెట్టి నోటుబుక్ తీసుకుంది. బావగారు కొత్త కాగితం మీద స్కెచ్ పెన్నుతో ‘ఇ’ రాశారు. పక్కన ‘డ’ మొదలుపెట్టి, గుడిదీర్ఘం కట్టి, ల వత్తు దగ్గరికొచ్చి పెన్ను పైకెత్తి ఆగారు.

బావగారు: దీని కింద ఏమొస్తుంది?

అమ్మాయి: పిన్ని కొడుకు పంపిన మెనూ వరసలో ‘పూరీ’ ఉంది.

బావగారు: ‘రీ’ గుడి వచ్చి తగులుతుంది. కింద వడ పెట్టుకోమను. తోక వదలొచ్చు.

ఆయన తోక వదిలారు. అమ్మాయి రాసుకుంది: ఇడ్లీ కింద వడ.